ఉబుంటులో ఎన్‌ఎస్-2 ఇన్‌స్టాల్ అవ్వట్లేదా? మొదటి ఎర్రర్ దగ్గర ఆగండి

బీటెక్ ఫైనలియర్ ప్రాజెక్టో, ఎంటెక్ థీసిసో నెట్‌వర్కింగ్ మీద తీసుకుంటే చాలామందికి ఎదురయ్యే పేరు ఎన్‌ఎస్-2. రౌటర్లు, వైర్‌లెస్ నోడ్లు కొనకుండానే ప్యాకెట్లు ఎటు వెళ్తున్నాయో, ఎక్కడ డ్రాప్ అవుతున్నాయో లాప్‌టాప్‌లోనే చూపించే సిమ్యులేటర్ ఇది. చిక్కల్లా ఇన్‌స్టలేషన్ దగ్గరే. రివ్యూ డేట్ దగ్గరపడుతుంటే టెర్మినల్ నిండా ఎర్రర్లు! అప్పుడు చాలామంది ఉబుంటునే ఫార్మాట్ చేసి మళ్లీ ఎక్కిస్తారు. దాంతో ఒక రోజు పోతుంది, ఎర్రర్ మాత్రం అలాగే ఉంటుంది. ఎందుకో చూద్దాం.

(కమాండ్ల పేర్లు ఇక్కడ తెలుగులో రాస్తున్నాను. టైప్ చేసేటప్పుడు ఇంగ్లిష్ చిన్న అక్షరాలు వాడండి.)

తప్పు మీ సిస్టమ్‌ది కాదు

అందరూ వాడే ఎన్‌ఎస్ 2.35 వెర్షన్ 2011 నవంబరులో వచ్చింది. 2012 మార్చిలో జీసీసీ 4.7 కంపైలర్ వచ్చింది. సీ ప్లస్ ప్లస్ టెంప్లేట్లలో ఒక ఫంక్షన్ పేరు ఒంటరిగా కనిపిస్తే, పాత కంపైలర్ దాన్ని బేస్ క్లాస్‌లో కూడా వెతికిపెట్టేది. రూల్స్ ప్రకారం అలా వెతకకూడదు. 4.7 నుంచి ఆ వెసులుబాటు తీసేశారు. అంటే నిన్నటిదాకా నడిచిన కోడే ఇవాళ ఆగిపోయింది. ఓఎస్ మళ్లీ ఎక్కించినా కోడ్ అదే, కంపైలర్ అదే. మరి ఎర్రర్ ఎలా మారుతుంది?

అసలు కంపైల్ చేయాలా?

ఈ ప్రశ్న ముందే వేసుకోండి. మీ పని టీసీఎల్ స్క్రిప్టులు రాసి రన్ చేయడమే అయితే సుడో ఏపీటీ ఇన్‌స్టాల్ ఎన్‌ఎస్2 చాలు, సోర్స్ జోలికి వెళ్లక్కర్లేదు. ఏఓడీవీ లాంటి రౌటింగ్ ప్రోటోకాల్ కోడ్‌లో మార్పులు చేయాలంటేనే ఆల్-ఇన్-వన్ ప్యాకేజీ దించుకుని కంపైల్ చేయాలి.

అలా చేసేటప్పుడు నేను ముందుగా బిల్డ్-ఎసెన్షియల్, ఆటోకాన్ఫ్, ఆటోమేక్, లిబ్‌ఎక్స్‌ఎంయూ-డెవ్ ప్యాకేజీలు వేస్తాను. చివరిది లేకపోతే గ్రాఫిక్స్ ఫైళ్లు దొరక్క ఇన్‌స్టలేషన్ మధ్యలోనే ఆగిపోవచ్చు. ఇంకో మాట, ఫోల్డర్ పేర్లలో స్పేస్ పెట్టకండి.

చివరి లైన్ కాదు, మొదటి ఎర్రర్

ఇన్‌స్టాల్ మొదలుపెట్టే ముందు టెర్మినల్‌లో స్క్రిప్ట్ అనే కమాండ్ ఇవ్వండి. అక్కడి నుంచి స్క్రీన్ మీద వచ్చేదంతా టైప్‌స్క్రిప్ట్ అనే ఫైల్‌లో సేవ్ అవుతుంది. పని అయ్యాక ఎగ్జిట్ కొట్టండి.

చివర్లో కనిపించే 'ఎన్‌ఎస్ మేక్ ఫెయిల్డ్' అన్నది ఫలితం మాత్రమే, కారణం పైన ఎక్కడో ఉంటుంది. ఫైల్ తెరిచి ఎర్రర్ అన్న మాట మొదటిసారి ఎక్కడ వచ్చిందో వెతకండి. ఎక్కువగా దొరికేది ఇదే: లింక్‌స్టేట్ ఫోల్డర్‌లోని ఎల్‌ఎస్ డాట్ హెచ్ ఫైల్, 137వ లైన్, 'ఎరేజ్' డిక్లేర్ కాలేదు.

ఆ లైన్‌లో బ్రాకెట్ తెరిచే ముందున్న ఎరేజ్‌కి ఎడమ పక్కన 'దిస్' అని రాసి, హైఫన్, గ్రేటర్ దేన్ గుర్తులు కలిపి పెట్టండి. ఈ ఫంక్షన్ మన క్లాస్‌దేనని కంపైలర్‌కి చెప్పడమన్నమాట. సేవ్ చేసి ఇన్‌స్టాల్ మళ్లీ నడపండి.

కొత్త ఉబుంటుల్లో ఇది సరిచేశాక ఇంకో ఎర్రర్ రావచ్చు. జీసీసీ 6 నుంచి కంపైలర్ మామూలుగానే సీ ప్లస్ ప్లస్ 14 లేదా అంతకంటే కొత్త రూల్స్ తీసుకుంటుంది, పాత కోడ్‌కి అవి పడవు. ఒక్కో ఫైల్ దిద్దుకుంటూ కూర్చునే బదులు వర్చువల్‌బాక్స్‌లో ఉబుంటు 14.04 వేసుకోండి, అందులో జీసీసీ 4.8 ఉంటుంది. పాత ఓఎస్ కాబట్టి దాన్ని ప్రాజెక్టుకే వాడండి, బ్రౌజింగ్‌కి వద్దు.

ఇన్‌స్టాల్ అయ్యాక వచ్చే తలనొప్పులు

కమాండ్ నాట్ ఫౌండ్: ఇన్‌స్టలేషన్ చివర్లో పాత్, లైబ్రరీ పాత్ సెట్ చేసుకోమని కొన్ని లైన్లు చూపిస్తుంది. వాటిని హోమ్ ఫోల్డర్‌లోని బాష్‌ఆర్‌సీ ఫైల్‌లో చేర్చి (ఈ పేరు ముందు చుక్క ఉంటుంది) కొత్త టెర్మినల్ తెరవండి. ఎన్‌ఎస్ అని కొడితే శాతం గుర్తు వచ్చిందా, పని అయినట్టే.

కోడ్ మార్చినా రిజల్ట్ మారట్లేదు: మార్పు తర్వాత మేక్ చేశారా? చేసినా అదే పరిస్థితైతే విచ్ ఎన్‌ఎస్ అని అడగండి. ఏపీటీతో వేసింది, మీరు కంపైల్ చేసింది రెండూ ఉంటే మీకు తెలియకుండా మొదటిదే రన్ అవుతూ ఉండొచ్చు.

న్యామ్ తెరుచుకోవట్లేదు: డిస్‌ప్లే లేదని ఎర్రర్ వస్తే మీరు ఎస్‌ఎస్‌హెచ్‌లో ఉన్నారేమో చూడండి. హైఫన్, పెద్ద ఎక్స్ ఆప్షన్‌తో మళ్లీ కనెక్ట్ అవ్వండి. సెగ్మెంటేషన్ ఫాల్ట్ అయితే ఆల్-ఇన్-వన్‌లో వచ్చే న్యామ్ 1.15 వాడి చూడండి.

ఒకటి గుర్తుంచుకోండి. న్యామ్ చూపించేది యానిమేషన్ మాత్రమే. మీ అసలు రిజల్ట్ ట్రేస్ ఫైల్‌లో ఉంటుంది. త్రూపుట్, డిలే, ప్యాకెట్ లాస్ అన్నీ ఆ ఫైల్ నుంచి ఆక్ స్క్రిప్టుతో లెక్కగట్టొచ్చు. బొమ్మ కదలకపోయినా రివ్యూలో గ్రాఫ్ పెట్టొచ్చు.

ఇంకా టాపిక్ ఫిక్స్ కానివాళ్లు ఎన్‌ఎస్-3 చూడండి. 2008లో మొదటి రిలీజ్ వచ్చిన ఈ సిమ్యులేటర్‌కి స్క్రిప్టులు సీ ప్లస్ ప్లస్‌లో గానీ పైథాన్‌లో గానీ రాయాలి. ఎన్‌ఎస్-2 టీసీఎల్ స్క్రిప్టులు ఇందులో నడవవు, కాబట్టి సగం ప్రాజెక్టు అయిపోయినవాళ్లు మారకండి. అలాంటివాళ్లు ముందు లాగ్ ఫైల్ తెరవండి. ఒక్కసారికి ఒక్క మార్పే చేయండి, రన్ చేసి చూశాకే రెండోదానికి వెళ్లండి. ఆల్ ది బెస్ట్!