పనిలో జాగ్రత్త – తవక్కుల్

పనిచోట ప్రమాదం జరిగినప్పుడు "అంతా తఖ్దీర్, మన చేతుల్లో ఏముంది?" అని సరిపెట్టుకోవడం మనలో చాలామందికి అలవాటు. విధివ్రాతను నమ్మడం మన ఈమాన్‌లో భాగమే, సందేహం లేదు. కాని విధివ్రాత పేరు చెప్పి నిర్లక్ష్యాన్ని కప్పిపుచ్చుకోమని ఇస్లాం ఎక్కడా బోధించలేదు.

మదీనాలో కాలిన ఇల్లు

హజ్రత్ అబూమూసా అష్అరీ (రజి) ఉల్లేఖనం ప్రకారం, ఓ రాత్రి మదీనాలో ఒక ఇల్లు ఇంటివారితో సహా కాలిపోయింది. ఈ సంగతి విన్న దైవప్రవక్త (సల్లం) నిప్పు మనిషికి శత్రువని, పడుకునే ముందు దాన్ని ఆర్పివేయాలని ఆదేశించారు (బుఖారీ, ముస్లిం). గమనించండి! ప్రమాదం ఒక ఇంటికి జరిగింది, ఆదేశం మాత్రం అందరికీ వచ్చింది. ఇతరులకు జరిగిన దాని నుండి కూడా నేర్చుకోవడమే విశ్వాసి లక్షణం.

మన గోదావరి సీమలో

2014 జూన్ 27, శుక్రవారం తెల్లవారుజామున, అప్పటి తూర్పు గోదావరి జిల్లా మామిడికుదురు మండలం నగరం గ్రామంలో గెయిల్ పైప్‌లైను నుండి గ్యాస్ లీకై ఊరిని కమ్ముకుంది. టీకొట్టులో పొయ్యి వెలిగించగానే అది అంటుకుందని అప్పట్లో పత్రికలు వ్రాశాయి. 20 మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. పొయ్యి వెలిగించడం టీకొట్టులో ప్రతి ఉదయం జరిగే పనే. లీకేజీ గురించి ముందే చెప్పామని గ్రామస్థులు వాపోయారు. పనివాడైనా, పొరుగువాడైనా "ఇక్కడేదో తేడాగా ఉంది" అని చెబితే వెంటనే పట్టించుకోవడం యజమానిపై ఉన్న అమానత్.

తవక్కుల్ అంటే ఏమిటి?

ఒంటెను కట్టి తవక్కుల్ చేయాలా, వదిలేసి చేయాలా అని ఒక వ్యక్తి అడిగినప్పుడు, ముందు కట్టమనే దైవప్రవక్త (సల్లం) చెప్పారు (తిర్మిజీ). సిరియాలో ప్లేగు ఉందని తెలిసి హజ్రత్ ఉమర్ (రజి) దారిలోనే వెనుదిరిగారు. విధి నుండి పారిపోతున్నారా అని అడిగితే, అల్లాహ్ విధి నుండి అల్లాహ్ విధి వైపుకే వెళుతున్నామన్నారు. చేజేతులా నాశనంలో పడవద్దని దివ్యఖుర్ఆన్ (2:195) కూడా హెచ్చరిస్తోంది.

మనం చేయవలసింది

కోరుకొండ వంటి ఊళ్ళలో హోటలు, బేకరీ, వెల్డింగ్, కరెంటు పని, మేస్త్రీ పని చేసుకుంటున్న సోదరులు ఈ విషయాలు గుర్తుంచుకోవాలి.

గ్యాస్ వాసన వస్తే లైటు స్విచ్ వేయకూడదు, ఆపకూడదు. రెగ్యులేటర్ కట్టేసి, తలుపులు తెరిచి, బయటికి వచ్చి 1906కు ఫోన్ చేయాలి. వంటగ్యాస్ గాలికంటే బరువైనది, నేలబారునే నిలిచి ఉంటుంది.

మెయిన్ ఆపకుండా కరెంటు తీగ ముట్టుకోకూడదు.

పాడుబడ్డ బావిలో, సెప్టిక్ ట్యాంకులో ఒకరు పడిపోతే కాపాడాలని మరొకరు వెంటనే దిగకూడదు. అక్కడి విషవాయువు రెండో ప్రాణాన్ని కూడా తీస్తుంది. ఫైర్ సర్వీసును 101కు పిలవాలి.

పనివారు మన సోదరులని, శక్తికి మించిన పని వారిపై మోపవద్దని దైవప్రవక్త (సల్లం) బోధించారు (బుఖారీ). బెల్టు లేకుండా ఎత్తు ఎక్కించడం, గ్లౌజులు ఇవ్వకుండా వెల్డింగ్ చేయించడం ఈ బోధనకు విరుద్ధం. ఉదయం బిస్మిల్లాహ్ అని పని మొదలుపెట్టే ముందు ఒక్క నిమిషం పరికరాలు చూసుకుందాం. సాయంత్రం మన కోసం ఇంటిల్లిపాదీ ఎదురుచూస్తుంటారు.

అల్లాహ్ మనందరినీ ఆపదల నుండి కాపాడుగాక! ఇతరుల కష్టం నుండి గుణపాఠం నేర్చుకునే బుద్ధిని ప్రసాదించుగాక! ఆమీన్.