కొబ్బరి తింటే బరువు తగ్గుతామా?

తెలుగు కుటుంబాలు తరతరాలుగా ఉన్న తమిళనాడులోని ధర్మపురి సీమలో ఇడ్లీకి కొబ్బరి పచ్చడి మామూలే.

బరువు విషయానికొస్తే ముఖ్యం నూనె సంగతి. కొబ్బరి నూనెలో 80 శాతానికి పైగా సంతృప్త కొవ్వే. అందులో ప్రధానం లారిక్ ఆమ్లం. దీన్ని మధ్యస్థ గొలుసు కొవ్వుగా లెక్కగట్టి, ఒళ్లు కరిగిస్తుందని ప్రచారం చేస్తున్నారు. జనాన్ని తప్పుదారి పట్టించే మాట ఇది. శరీరం దాన్ని చాలావరకు పొడవు గొలుసు కొవ్వులాగే పీల్చుకుంటుంది. 2020లో ‘సర్క్యులేషన్’ పత్రిక 16 ప్రయోగాల విశ్లేషణ ప్రచురించింది. పొద్దుతిరుగుడు వంటి నూనెలతో పోలిస్తే కొబ్బరి నూనె చెడు కొలెస్ట్రాల్‌ను డెసిలీటరుకు సుమారు 10 మిల్లీగ్రాములు పెంచింది, మంచి కొలెస్ట్రాల్‌ను 4 పెంచింది. ఒంటి కొవ్వులో, రక్తంలోని చక్కెరలో చెప్పుకోదగ్గ తేడా లేదు.

పచ్చి కొబ్బరి వేరు. 100 గ్రాములకు 350 కేలరీలున్నా, 9 గ్రాముల పీచూ ఉంటుంది. కొబ్బరి నీళ్లలో కేలరీలు స్వల్పం, పొటాషియం ఎక్కువ.

భారతీయుల్లో బీఎంఐ 25 దాటితే ఊబకాయమే.