ఆనందుడి కన్నీళ్లు

"ఆడపిల్ల లెక్క ఏడుస్తవేందిరా?" కరీంనగర్, ఆదిలాబాద్ వాడల్లో మన కొడుకులు చిన్నప్పటి నుంచి వినే మాట ఇది. అందుకే బడిలో కులం పేరుతో అవమానపడ్డ పిల్లగాడు ఇంట్లో చెప్పుకోడు. ఏడుపు ఆగుతది, దుఃఖం ఆగదు. రేపు అదే కోపమై, తాగుడై, భార్య మీద చెయ్యెత్తుతది.

ఉపాసకులారా, కుశీనగరంలో తథాగతుడి మహాపరినిర్వాణం దగ్గరపడ్డప్పుడు ఆనందుడు తలుపు పట్టుకొని ఏడ్చాడు. బుద్ధుడు "నువ్వు మగాడివేనా" అనలేదు. దగ్గరికి పిలిపించుకొని అనిత్యతను బోధించాడు, అతని సేవను మెచ్చుకున్నాడు. 1926లో కొడుకు రాజరత్న చనిపోతే బాబాసాహెబ్ తన దుఃఖాన్ని మిత్రుడికి ఉత్తరంలో చెప్పుకున్నారు.

సుఖమైనా దుఃఖమైనా ఉన్నదున్నట్టు తెలుసుకోమంటది సతిపట్ఠాన సుత్తం. దాచిపెట్టుమనలేదు. ఈసారి మీ కొడుకు ఏడిస్తే కసరకండి. పక్కన కూసోబెట్టుకొని "ఏమైంది బిడ్డా?" అని అడగండి.

నమో బుద్ధాయ. జై భీమ్.