రోగి హక్కులు - వైద్యుని బాధ్యతలు

వైద్యుని దైవసమానునిగా భావించుట మన దేశమున చిరకాలముగా వచ్చుచున్న సంప్రదాయము. ఆ గౌరవము సముచితమే. కాని రోగి దయాభిక్షకై చేయిచాచు దీనుడు కాడు. చట్టము అతనికి కొన్ని హక్కులను కల్పించినది. వానిని ఎరుగకపోవుటచేత అనేక కుటుంబములు న్యాయమును కోరగల అవకాశమును కోల్పోవుచున్నవి.

1. అత్యవసర చికిత్స

స్కూటరుపై పోవుచున్న ఒక వ్యక్తిని కారు ఢీకొన్నది. అతనిని సమీపమున నున్న ఆసుపత్రికి చేర్చగా, పోలీసు కేసులను చేర్చుకొను అధికారము తమకు లేదని చెప్పి, 20 కిలోమీటర్ల దూరమున నున్న వేరొక ఆసుపత్రికి పంపిరి. అతడు దారిలోనే మరణించెను. ఈ ఉదంతము ఆధారముగా వచ్చిన వ్యాజ్యమున 1989లో సుప్రీంకోర్టు స్పష్టముగా తీర్పు చెప్పినది: వైద్యుడు ప్రభుత్వోద్యోగి యైనను కాకున్నను, ప్రాణరక్షణయే అతని మొదటి విధి, పోలీసు లాంఛనములు ఆ తరువాతనే.

1992లో రైలునుండి పడి తలకు గాయమైన ఒక కార్మికుని కలకత్తా ప్రాంతపు ప్రభుత్వ ఆసుపత్రులు పలువిధములైన కారణములు చెప్పి చేర్చుకొనలేదు. అతనికి 25,000 రూపాయల పరిహారమిమ్మని 1996లో సుప్రీంకోర్టు ఆదేశించినది. సకాలమున చికిత్స అందింపకుండుట రాజ్యాంగము 21వ అధికరణము ప్రసాదించిన జీవించు హక్కునకు భంగమని నిర్ణయించినది.

క్షతగాత్రుని ఆసుపత్రికి చేర్చినవారు కేసులలో చిక్కుకొందుమని భయపడ నక్కరలేదు. సద్బుద్ధితో తోడ్పడినవారికి 2019లో మోటారు వాహనముల చట్టమునకు చేర్చిన 134-ఎ సెక్షను రక్షణ నిచ్చుచున్నది.

2. రోగి సమ్మతి

పరీక్షకు ఇచ్చిన సమ్మతి శస్త్రచికిత్సకు ఇచ్చినట్లు కాదు. పరీక్షకై మత్తులో నుంచిన ఒక స్త్రీకి, ఆమె తల్లి అంగీకారముతో గర్భాశయమును తొలగించిన కేసులో 2008లో సుప్రీంకోర్టు ఈ సూత్రమును స్థిరపరచినది. అప్పటికప్పుడు ప్రాణాపాయము లేనప్పుడు, యుక్తవయస్సు వచ్చిన రోగి మెలకువ వచ్చి తానే నిర్ణయించుకొనువరకు వేచియుండవలెను. కావున చికిత్స స్వభావము, లాభనష్టములు, ఇతర మార్గములు రోగికి తెలిసిన భాషలో వివరింపవలెను. చదువకుండ, చదివించుకొనకుండ ఏ కాగితముపైనను సంతకము చేయరాదు.

3. నిర్లక్ష్యమన నేమి?

రోగిని చేర్చుకొనవలెనా, ఏ చికిత్స చేయవలెను, దానిని ఎట్లు చేయవలెను అను మూడింటియందును వైద్యుడు తగిన జాగ్రత్త వహింపవలెనని 1968లో సుప్రీంకోర్టు చెప్పినది. అయితే వ్యాధి నయము కానంతమాత్రమున వైద్యుడు దోషి కాడు. సామాన్య నైపుణ్యముగల వైద్యుడు చూపవలసిన శ్రద్ధ లోపించినప్పుడే అది నిర్లక్ష్యము. క్రిమినలు కేసునకు తీవ్రమైన నిర్లక్ష్యము కావలెననియు, నిష్పాక్షికమైన వైద్యాభిప్రాయము లేనిదే వైద్యునిపై చర్యకు పూనుకొనరాదనియు 2005 నాటి తీర్పు హెచ్చరించినది. ఆసుపత్రులపై దాడులు చేయుట ఎవరికిని న్యాయమును చేకూర్పదు. పైగా అది నేరము.

4. రికార్డులు

2002 నాటి వైద్యవృత్తి నియమముల ప్రకారము, ఆసుపత్రిలో చేరిన రోగుల రికార్డులను చికిత్స ప్రారంభమైన నాటినుండి మూడేండ్లు భద్రపరుపవలెను. రోగి గాని, అతని అధీకృత ప్రతినిధి గాని కోరినచో 72 గంటలలో ప్రతుల నీయవలెను. ఈ కోరికను వ్రాతపూర్వకముగా చేసి, రసీదు పుచ్చుకొనుట మేలు.

5. పరిహారము పొందు మార్గము

రుసుము తీసికొని చేయు వైద్యము వినియోగదారుల చట్టము పరిధిలోనిదే యని 1995లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. కొందరివద్ద రుసుము తీసికొని, కొందరికి ఉచితముగా వైద్యము చేయు ఆసుపత్రిలో ఉచితరోగులకును ఈ హక్కు కలదు. అందరికిని ఉచితముగా చేయు ఆసుపత్రుల విషయమున సివిలు కోర్టును ఆశ్రయింపవలెను.

2019 నాటి చట్టము క్రింద ఫిర్యాదును జిల్లా వినియోగదారుల కమిషనుకు రెండేండ్లలో ఇయ్యవలెను. చెల్లించిన మొత్తము 5 లక్షల రూపాయలు మించనిచో ఫిర్యాదునకు రుసుము లేదు. వకీలు లేకుండగనే ఫిర్యాదు చేయవచ్చును. సలహాకై 1915 సంఖ్యకును, ఉచిత న్యాయసహాయమునకై 15100 సంఖ్యకును ఫోను చేయవచ్చును.

వైద్యునిపై విశ్వాసము, హక్కులపై జ్ఞానము ఒకదానికొకటి విరోధములు కావు. బిల్లులు, చీటీలు, పరీక్షాఫలితములు అన్నింటిని భద్రపరచుకొనుట ప్రతి కుటుంబమునకు శ్రేయస్కరము.