లైటు కొనేముందు ఉన్న లైటు ఆర్పండి

చిలకలపూడి రోల్డ్‌గోల్డ్ గాజులో, పత్తర్‌గట్టి ముత్యాల దండలో తెచ్చుకుని ఇంటి నుంచే అమ్ముకునేవాళ్లు ఇప్పుడు ఊరూరా ఉన్నారు. సరుకు ఎంచడంలో దిట్టలు. బేరంలో ఇంకా దిట్టలు. ఫొటో దగ్గరికొచ్చేసరికి మాత్రం చేతులు ఆగిపోతాయి. ఆన్‌లైన్ కార్టులో ఒక రింగ్‌లైటు, ఒక లైట్ టెంటు, రెండు సాఫ్ట్‌బాక్సుల సెట్టు నెలల తరబడి కూర్చుని ఉంటాయి. రాత్రి పదకొండింటికి ఇంకో రివ్యూ వీడియో. 'మంచి లైట్లు వచ్చాక మొదలుపెడదాంలే' అని తమకు తామే సర్దిచెప్పుకుంటారు. వాయిదాకు ఇంతకంటే గౌరవమైన సాకు దొరకదు.

దీనికి విరుగుడు ఒకటుంది. ఫొటోలో తప్పేమిటో పేరు పెట్టి చెప్పగలిగేదాకా రూపాయి తీయకండి. 'ఎందుకో బాగా రాలేదు' అంటే కుదరదు. 'కెంపు ఎరుపు గోధుమరంగులోకి పోయింది', 'లాకెట్ మీద నా ఫోన్ నీడ పడింది', 'గాజులో కిటికీ ఊచలు కనబడుతున్నాయి' అనాలి. పేరు తెలిసిన తప్పుకు మందు దొరుకుతుంది. సగం మందులు ఇంట్లోనే ఉంటాయి.

ఫోన్ నీడనే తీసుకోండి. దగ్గరగా తీయాలన్న ఆత్రంలో ఫోన్‌ను ఉంగరం మీదికి వంచేస్తాం, వెలుగుకు మనమే అడ్డం పడతాం. ఒక జానెడు వెనక్కి జరిగి రెండింతల జూమ్‌లో తీస్తే నీడ పోతుంది. ఖర్చు సున్నా.

రంగు తేడాగా వస్తుంటే కొత్త లైటు కొనడం కాదు, ఉన్నవాటిలో కొన్ని ఆర్పడం ముందు చేయాల్సిన పని. కిటికీ వెలుగు నీలం వైపు మొగ్గుతుంది, పాత బల్బుది పసుపు వైపు. రెండూ కలిసి పడినా మన మెదడు సర్దుకుపోతుంది. కెమెరా సర్దుకోదు. వైట్ బ్యాలెన్స్ ఒకసారికి ఒక వెలుగునే సరిచేయగలదు. అందుకే ఒక్క వెలుగు ఉంచి మిగతావన్నీ ఆర్పేయండి.

మెత్తటి వెలుగు కావాలంటే పెద్ద సాఫ్ట్‌బాక్సు ఉండాలంటారు. దేనికంటే పెద్దది? నిలబడ్డ మనిషికైతే నాలుగడుగులది కావాలేమో. రెండు సెంటీమీటర్ల ఉంగరానికి జానెడు బటర్ పేపర్ చాలు, దగ్గరగా పెడితే. టేబుల్ ల్యాంపుకూ ఉంగరానికీ మధ్య కాగితాన్ని నిలబెట్టి ల్యాంపును వెనక్కి జరపండి, కాగితమంతా వెలుగుతుంది. ముందుకు తెస్తే నడుమ మాత్రమే వెలిగి నీడలు గట్టిపడతాయి. (కాగితం బల్బుకు తగలనివ్వకండి.)

ఇక మెరిసే లోహం. గాజును ఫొటో తీయడమంటే ఆ గాజు చూస్తున్న గదిని ఫొటో తీయడమే. మీ చొక్కా, మీ ఫోను, పైన తిరిగే ఫ్యాను, అన్నీ అందులో ఉంటాయి. కెమెరా ఉండే చోట తల పెట్టి ఒక కన్ను మూసుకుని చూడండి. గాజు మీద వెలుగెంత పడుతోందన్నది వదిలేసి, గాజులో ఏం కనబడుతోందో వెతకండి. ఒక పక్క తెల్ల థర్మాకోల్ ముక్క నిలబెడితే లోహం నిండుగా కనిపిస్తుంది. ఇంకో పక్క సన్నటి నల్లచార్టు పట్టీ పెడితే అంచు తేలుతుంది. నగలకు రింగ్‌లైటు వద్దనేది ఇందుకే. అది ముఖాలకు బాగుంటుంది. నగలో మాత్రం ప్రతి పూస మీదా ఒక తెల్లసున్నా చుడుతుంది.

రాళ్ల దగ్గర అసలు పాఠం మొదలవుతుంది, ఎందుకంటే ఒక రాయికి పనికొచ్చిన లైటు ఇంకో రాయిని చంపేస్తుంది. వజ్రం వక్రీభవన గుణకం 2.42. లోపలికి వెళ్లిన వెలుగు అడుగు ముఖాలకు తగిలి తిరిగి పైకే వస్తుంది. తళుకు పుట్టాలంటే ఆ ముఖాల్లో కొన్ని వెలిగి కొన్ని నల్లబడాలి. నాలుగు వైపులా తెల్లగుడ్డ ఉన్న టెంటులో పెడితే అన్నీ ఒకేలా తెల్లబడి రాయి నిద్రపోతుంది. అమెరికన్ డైమండ్ సంగతీ అంతే. టెంటు ఉంటే ఒక గోడ తీసేయండి, నల్లకాగితం ఒకటి దగ్గరికి తెండి, చిన్న ఎల్.ఇ.డి. ఒకటి ఏ ముసుగూ లేకుండా వెలిగించండి.

వైఢూర్యం ఇంకా మొండిది. దాని మీద కదిలే ఆ వెండిగీత, నక్షత్ర నీలం మీది ఆరు కిరణాలు, రాతి లోపలి సన్నటి సూదుల్లాంటి నిర్మాణాల వల్ల ఏర్పడతాయి. ఒక్క బిందువు నుంచి వెలుగు పడితేనే అవి కనబడతాయి. ఖరీదైన సాఫ్ట్‌బాక్సు కింద మాయమవుతాయి. ఇక్కడ సరైన పరికరం ఇంట్లోని రెండో ఫోన్ టార్చి! ముత్యానికి మళ్లీ మెత్తటి వెలుగే కావాలి, అదీ ఒక పక్క నుంచే. అన్ని వైపుల నుంచీ తెల్లవెలుగు పోస్తే నిగారింపు పోయి సుద్దబిళ్లలా మిగులుతుంది.

దీపం మార్చడానికి కారణం ఉండాలని చెప్పడానికి సి.వి. రామన్ ప్రయోగం కంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు. చిన్నప్పుడు విశాఖలో బడికెళ్లిన ఆయన, 1928లో కలకత్తాలో సహశోధకుడు కృష్ణన్‌తో కలిసి ద్రవాల్లో వెలుగు చెదరడాన్ని మొదట సూర్యకాంతితోనే చూశారు. ఎండలో అన్ని రంగులూ కలిసిపోయి ఉంటాయి. చెదిరిన వెలుగులో కొత్త గీతలను విడిగా పట్టాలంటే విడివిడి గీతలిచ్చే దీపం కావాలి. అప్పుడు పాదరస దీపం వచ్చింది. ముందు ప్రశ్న, తర్వాత పరికరం.

డబ్బు నిజంగా పెట్టాల్సిన చోటూ ఉంది, అది రంగు. లైటు డబ్బా మీద, రంగులు ఎంత నిజంగా కనబడతాయో చెప్పే సి.ఆర్.ఐ. అంకె చూస్తాం కదా, అది ఎనిమిది లేత రంగుల సగటు. ముదురు ఎరుపు అందులో లేదు, దానికి ఆర్9 అనే వేరే అంకె ఉంటుంది. సి.ఆర్.ఐ. 80 ఉన్న లైటులో ఆర్9 అట్టడుగున ఉండొచ్చు. ఆ లైటు కింద కెంపులు, పగడాలు చప్పబడతాయి. సి.ఆర్.ఐ. 95 దాటి, ఆర్9 కూడా 90 దాకా ఉన్న లైటు ఒక్కటి కొనండి, 5000 నుంచి 5600 కెల్విన్ మధ్యలో. మామూలు లైట్లు రెండు కొనేకన్నా ఇది మేలు.

'వెలుగు చాలడం లేదు' అనే ఫిర్యాదును మాత్రం నేను ఒప్పుకోను. ఉంగరం పారిపోదు. ఫోన్‌ను ట్రైపాడ్ మీద పెట్టి ఒక సెకను ఎక్స్‌పోజర్ ఇవ్వండి. పైగా ఇంత దగ్గరలో ఫోకస్‌లో ఉండేది మిల్లీమీటర్ల మేరే. ఫోకస్ జరుపుతూ వరసగా తీసి కలిపే పనికి కదలని కెమెరా, వెలుగుతూనే ఉండే ఎల్.ఇ.డి. కావాలి. ఫ్లాష్ బలమైనదే, చేతి వణుకునూ ఆపుతుంది. కానీ నేర్చుకునేవాళ్లకు ప్రతిబింబం ఎక్కడ పడుతుందో ముందే చూపించదు. చవక ఎల్.ఇ.డి.లతో ఫొటోలో చారలొస్తే షట్టర్‌ను 1/50కో 1/100కో మార్చండి. మన కరెంటు 50 హెర్ట్జ్‌ది కాబట్టి అవి సెకనుకు వందసార్లు మినుకుతాయి.

చివరగా నిజాయితీ లెక్క. నగల షాపుల్లో బంగారం మీద పసుపు లైట్లు, వజ్రాల మీద తెల్ల లైట్లు ఊరికే వేయరు. పసుపు వెలుగులో కెంపు మండిపోతుంది, నీలం నల్లబడుతుంది. ఆ మాయ షాపులో సాగొచ్చు. మీ దగ్గర కొన్నావిడ పార్సిల్ విప్పేది వాళ్లింటి ట్యూబ్‌లైటు కింద. నచ్చకపోతే తిరుగు పార్సిల్ ఖర్చు మీదే. రంగురాళ్ల వ్యాపారులు ఉత్తరపు కిటికీ వెలుగులో రాయిని చూసే అలవాటు పాతది, ఇంట్లో అలాంటి కిటికీ ఉంటే వాడుకోండి. అలెగ్జాండ్రైట్ లాంటిది చేతికొస్తే పగలు ఆకుపచ్చ, పాత బల్బు కింద ఎరుపు. రెండు ఫొటోలూ పెట్టి, ఏది ఏ వెలుగులో తీశారో కింద రాసి, ఆ తర్వాత ధర వేయండి.