రక్తపోటు – కంటిచూపు

తరగతిలో కంటిని కెమెరాతో పోల్చి పిల్లలకు చెబుతుంటాం. ముందున్న కటకం వెలుగును లోపలికి పంపితే, వెనుకనున్న రెటీనా అనే పల్చని పొర బొమ్మను పట్టుకుంటుంది. ఆ పొరను పోషించేవి వెంట్రుకల వంటి సన్నని రక్తనాళాలు. రక్తపోటు దెబ్బ తగిలేది వాటికే.

మాతో పనిచేసిన ఒక ఉపాధ్యాయులు చూపు మందగించిందని ఏడాదిలో రెండుసార్లు కళ్ళజోడు మార్చారు. ఒకనాడు హాజరు పిలుస్తుండగా ఒక కంటికి మసక కమ్మింది. కంటి వైద్యులు చుక్కలు వేసి, లోపల పరీక్షించి, వెంటనే బీపీ చూపించమన్నారు. 190/110 ఉంది! అంతకుముందు తలనొప్పి లేదు, కళ్ళు తిరగడం లేదు. రెటీనాలోని ఒక సిర మూసుకుపోయింది. వైద్యం జరిగినా ఆ కంటికి పూర్తి చూపు తిరిగి రాలేదు.

లోపల ఏం జరుగుతుంది?

పెద్దవారిలో బీపీ 120/80 లోపు ఉంటే మంచిది. పలుమార్లు చూసినా 140/90, అంతకు మించి ఉంటే దానిని అధిక రక్తపోటు అంటారు. కంటిలో ఈ మార్పులను వైద్యులు నాలుగు దశలుగా చెబుతారు.

1. ధమనులు సన్నబడతాయి.
2. గట్టిపడిన ధమని, తాను దాటే చోట సిరను నొక్కుతుంది.
3. రెటీనాలో రక్తపు మరకలు, దూది వంటి తెల్లని మచ్చలు ఏర్పడతాయి.
4. కంటి నరం మొదలు ఉబ్బుతుంది. ఇది ప్రాణాపాయ సూచన. వెంటనే ఆసుపత్రికి చేరాలి.

మొదటి రెండు దశల్లో సాధారణంగా రోగికి ఏమీ తెలియదు. వైద్యునికి మాత్రం కనిపిస్తుంది. శరీరాన్ని కోయకుండా రక్తనాళాలను నేరుగా చూడగలిగే చోటు కన్నే. 1851లో జర్మన్ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్ లోకానికి అందించిన ఆఫ్తాల్మోస్కోపు ఈ మార్గం తెరిచింది. కంటిలో నాళాలు చెడితే గుండె, మెదడు, మూత్రపిండాలను కూడా పరీక్షించుకోవాలి.

మనం చేయవలసినవి

30 ఏళ్లు దాటినవారు బీపీ చూపించుకోవాలి. బీపీ ఉన్నవారు, ముఖ్యంగా షుగర్ కూడా ఉన్నవారు, ఏటా కంటి లోపలి పరీక్ష చేయించుకోవాలి. రోజుకు ఉప్పు ఒక చిన్న చెంచాకు మించరాదు. పచ్చళ్ళు, అప్పడాలు, ఎండుచేపలు, ఇఫ్తార్ పళ్ళెంలోని సమోసాల ఉప్పు కూడా ఆ లెక్కలోదే. పొగాకు మానాలి.

"బాగానే ఉన్నాం కదా" అని మాత్రలు ఆపరాదు. చూపు తగ్గిందని రెండు మాత్రలు ఒకేసారి మింగరాదు, బీపీ ఒక్కసారిగా పడిపోయినా కంటి నరానికి ప్రమాదమే. రంజాన్‌లో మాత్రల వేళలు సహరీకి, ఇఫ్తార్‌కు ఎలా మార్చుకోవాలో నెల ముందే వైద్యుని అడగాలి.

దాతలకు ఒక మనవి

మనం జరిపే కంటి శిబిరాల్లో శుక్లాలు చూస్తాం, కళ్ళజోళ్ళు పంచుతాం. అది మంచి పని. అయితే వరుస మొదట్లోనే ఒక బల్ల వేసి, వచ్చిన ప్రతివారికీ బీపీ చూద్దాం. ఎక్కువ ఉన్నవారి పేర్లు రాసి, వారిని వైద్యునికి చూపిద్దాం. నెల తరువాత మాత్రలు వాడుతున్నారో లేదో కనుక్కుందాం. ఒక కళ్ళజోడు ఒక్కరికే పనికొస్తుంది, ఒక పరికరం వీధి మొత్తానికి పనికొస్తుంది. మా సహోపాధ్యాయులకు ఆ పరీక్ష ఏడాది ముందు జరిగి ఉంటే ఆ కన్ను నిలిచేదేమో. రాబోయే శిబిరంలో మరొకరికి ఆ ఆలస్యం జరగకుండా చూద్దాం.