లాంతరుగాజునకు పట్టు మసి

విద్యుద్దీపములు ఆఱిపోయిన రాత్రులలో కిరసనాయిలు లాంతరును వెలిగించు ఇండ్లు నేఁడును గలవు. గాజు మసిబాఱినచో వెలుతురు తగ్గి చదువుకొను బాలుర కన్నులు శ్రమపడును. కావున ఈ మసి యేల పుట్టునో, ఎట్లు పోవునో విచారింతము.

కిరసనాయిలులో కర్బనము కలదు. మంటలో కర్బనకణములు నిప్పువలె కాఁగి వెలుఁగుటచేతనే దీపమునకు కాంతి కలుగుచున్నదని మైకేల్ ఫారడే 1860-61లో లండను నగరమున బాలుర యెదుట ప్రయోగపూర్వకముగా ఉపన్యసించెను. గాలి చాలినంత తగిలినచో ఆ కణములు పూర్తిగా కాలిపోవును. చాలనిచో మిగిలిన కణములే గాజునకు మసియై అంటుకొనును.

శుభ్రపఱచుటకు ముందు దీపమార్పి, గాజు పూర్తిగా చల్లాఱువఱకు ఆగవలెను. వేఁడిగాజునకు చన్నీరు తగిలినచో, తగిలిన భాగము మాత్రము చటుక్కున సంకోచించుటచే గాజు పగులును. మొదట పొడిగుడ్డతో పైమసిని తుడువవలెను. గట్టిపడిన జిడ్డుమసికి, జల్లించిన కట్టెబూడిదను తడిగుడ్డకు అద్ది మెల్లఁగా రుద్దవలెను. బూడిదలోని క్షారము జిడ్డును వదలించును. ఇసుక కూడదు, అది గాజును గీఱును, గీఱినచోటనే పగులు పుట్టవచ్చును. చేతిని లోనికి దూర్చక, పుల్లకు గుడ్డ చుట్టి వాడవలెను. పిమ్మట కడిగి, తడి లేకుండ ఆఱఁబెట్టి అమర్చవలెను.

ఇంతతో పని ముగియలేదు. వత్తికొన వంకరగా మాడినను, వత్తిని మిక్కిలి పైకెత్తినను, బర్నరు రంధ్రములు పూడినను మరల మసి పట్టును. విద్యార్థులారా, వత్తిని సమముగా కత్తిరించి, రంధ్రములను తుడిచి, మంటను తగ్గించి ఉంచుఁడు. గాజును మాత్రము తుడిచి వత్తిని మఱచువాఁడు ప్రతిదినమును ఆ మసినే తుడుచుచుండును.